నూరేండ్లు దాటిన పదిహేడేండ్ల పిల్లగానికి

రక్తపిశాచి సారుకు,

హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు రాసేది ఏమంటే...

ముందుగాల నిన్ను ఏమని పిలువాల్నో తేల్చుకుందాం. ట్విలైట్ అనే ఇంగ్లిష్ నవలల లెక్కల నువ్వు ఎడ్వర్డ్ కల్లెన్ అనేటోనివి, 1901ల పుట్టినవ్. 1918ల స్పానిష్ ఫ్లూతోని పాణం పోతుంటె నిన్ను కరిచి నిలబెట్టిండ్రు. అప్పటి నుంచి నీకు పదిహేడు దాటలే. ఏండ్లు లెక్కవెడితె మా తాత కంటె పెద్దోనివి, మొఖం చూస్తె పక్కింటి ఇంటర్ పిల్లగానివి. తాతా అంటె నీకు కోపం, తమ్మీ అంటె నాకు నామోషి. ఏమనాల్నో తెల్వనప్పుడు అందరినీ పిలిచినట్టే సారూ అంట. సారూ అనుకుంటనే నువ్వు అని కూడ అంట, ఏమనుకోకు.

మా అక్క బిడ్డ తొమ్మిదో తరగతి. దాని రూముల మంచం కింద నువ్వే, దిండు కింద నువ్వే, లెక్కల పుస్తకం చాటున కూడ నువ్వే. ఒక పుస్తకంల పిశాచివి, ఇంకోదాంట్ల రెక్కలు తెగి కిందపడ్డ దేవదూతవు, మరోదాంట్ల మాయా రాజ్యపు యువరాజువు. దవడ మాత్రం అన్నిట్ల అదే దవడ. అవి దాదాపు అన్నీ నేను కూడ చదివిన. చదువకుంట తిట్టే అలవాటు నాకు లేదు.

నువ్వు ఎప్పుడన్న మా దిక్కు వస్తె ఎట్లుంటదో ఊహించుకున్న. ఎండల నిలబడితె నీ ఒళ్లు వజ్రాల లెక్క మెరుస్తదట కద. మే నెలల వరంగల్‌ల అందరం మెరుస్తం, చెమటకు. ఎవరూ తిరిగి చూడరు. ఎల్లిపాయ నీ జాతికి పడదంటరు. ఇక్కడ పప్పుల అదే, పచ్చడిల అదే, అన్నం దిగకపోతె ఎల్లిపాయ కారం ఉండనే ఉండె. పాత పుస్తకాలల్ల ఇంకో రూలు కూడ ఉంది: లోపలి మనిషి పిలువనిదే నువ్వు గడప దాటరాదు. ఆ తిప్పలు నీకు ఇక్కడ లేదు. తలుపు తీసే ఉంటది, మా అమ్మ ఎవరొచ్చినా "రా బిడ్డా, కూసో" అంటది. తిప్పలంతా కూసున్నంక.

"ఎవరోళ్లు బిడ్డా?"

"కల్లెన్ వాళ్లమండి."

"ఏం చదువుతున్నవ్?"

"ఇంటర్ లాంటిదే."

"ఎప్పటి నుంచి?"

ఇక్కడ నువ్వు కిటికీ దిక్కు చూసి, దవడ బిగబట్టి, శాపగ్రస్తుని లెక్క ఒక నిట్టూర్పు విడుస్తవ్. మా అమ్మ దాన్ని లెక్కచెయ్యది. "సప్లీలున్నయా? ఎంసెట్ల ర్యాంకెంత?" అంటది. నూరేండ్లు ఖాళీగ ఉండి మళ్లీ మళ్లీ హైస్కూల్లనే కూసున్నోని జవాబు ఏముంటది చెప్పు? చావు లేని మనిషికి టైమే టైము. ఒక రోగానికి మందు కనిపెట్టరాదా, ఒక చెరువు పూడిక తీయరాదా? పియానో వాయించి, క్లాసుల పక్క బెంచీ అమ్మాయిని చూసుడేనా పని?

ఇగ అసలు సంగతికొస్త. నీ జాతి పుట్టుక గురించి నాకు తెలుసు. 1816ల జెనీవా సరస్సు ఒడ్డున, వానలకు ఇంట్ల ఇరుక్కుపోయిన దోస్తులు దయ్యాల కథలు చెప్పుకున్నరు. అండ్ల ఇంగ్లిష్ కవి బైరన్ ప్రభువు ఉండె, ఆయన డాక్టరు పోలిడోరి ఉండె. పోలిడోరి రాసిన కథ 1819ల అచ్చయింది. అంతకుముందు పల్లెటూరి కథలల్ల నువ్వు ఉబ్బిన శవానివి, గోరిల నుంచి లేచొచ్చి సొంతోళ్ల మీదనే పడేటోనివి. ఆ కథతోని మంచి బట్టలేసుకొని విందులకొచ్చే దొరవైనవ్. 1897ల బ్రామ్ స్టోకర్ నీకు కోట కట్టిచ్చి డ్రాక్యులా అని పేరు వెట్టిండు. ఎండ తగిలితె చచ్చే జబ్బు కూడ నీకు తర్వాత అంటిందే, 1922ల ఒక జర్మన్ మూకీ సినిమాతోని. స్టోకర్ పుస్తకంల పట్టపగలే లండన్ల తిరిగినవ్.

దొర. గుట్ట మీద కోట. కింద ఊరోళ్ల నెత్తురు. సారూ, ఈ కథ మాకు చెప్తున్నవా? మా ముసలోళ్లు గడీల ముందట చెప్పులు చేతవట్టుకొని నడిచిన తరం. వెట్టి చేసిండ్రు, నాగు వడ్డీలు కట్టిండ్రు. వాళ్లల్ల ఒక్కరన్న "దొర కండ్లు ఎంత లోతుగున్నయో" అని మురిసిండ్రా? పాలకుర్తిల చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకపోనీకి వస్తె ఆంధ్ర మహాసభ సంఘపోళ్లు ఎదురు తిరిగి వాళ్లను ఉరికిచ్చిండ్రు, వడ్లు ఐలమ్మ ఇంటికే చేరినయ్. దొర కథ మాకు అట్ల తెలుసు. నీ కథలల్ల మాత్రం దొర దయగలోడు. "మా ఇంట్ల మనుషుల నెత్తురు ముట్టం, జింకలవే తాగుతం" అంటవ్, నువ్వు మనసుపడ్డ పిల్ల కరిగిపోతది, పెండ్లి చేసుకుంటవ్, కారు కొనిస్తవ్. మరి జింకలను ఎవరడిగిండ్రు?

ఆమె నిద్రవోయినంక కిటికీల నుంచి లోపటికొచ్చి, ఆమెకు తెల్వకుంట రాత్రంతా చూసుకుంట కూసుంటవ్. పుస్తకం దాన్ని ప్రేమ అన్నది. ఇక్కడైతె పోలీసుల షీ టీమ్స్‌కు ఫోన్ పోతది. 2008ల వచ్చిన నాలుగో భాగంల తోడేలుగ మారే పిల్లగాడైతె నిన్ను గూడ మించిండు. అప్పుడే పుట్టిన పసిబిడ్డను చూసి ఇగ నా జీవితం నీకే అని రాసుకున్నడు. అది చదివి పుస్తకం మూసి, లేచి మంచినీళ్లు తాగొచ్చిన.

జోస్యాలు, ముందే రాసిపెట్టిన మహావీరులు, మూడు భాగాలు అయిపోయినంక దిగే నాలుగో భాగం, వీటి గురించి రాయ. వాటికి వేరే ఉత్తరం కావాలె.

మంత్రగత్తెల గురించి మాత్రం రాయాలె. నీ అల్మారాలనే వాళ్ల పుస్తకాలు కూడ ఉంటయ్: మంత్రాల బడి, మంత్రదండం, మాట్లాడే పిల్లి. ముద్దుగ ఉంటయ్. మా ఉత్తర తెలంగాణల మంత్రగత్తె అన్న మాట పడ్డ మనిషి బతుకు అంత ముద్దుగ ఉండదు. వాడకట్టుల ఎవరికన్న జరమొచ్చి తగ్గకపోయినా, బర్రె పాలియ్యకపోయినా ఒంటరి ముసలామె మీద అనుమానం పోతది. బాణామతి చేసిందని కొట్టిన వార్తలు, చంపిన వార్తలు ఇప్పటికీ పేపర్ల వస్తున్నయ్. ఇంత భయం, ఇంత చీకటి మా ఊర్లల్లనే ఉంటె దాని మీద పిల్లలకు ఒక నవల రాసేటోళ్లు లేక, పొగమంచు ఊరి పిశాచిని తెచ్చుకొని చదువుతున్నం.

రాసినామె కాదు గని, రాసినాయన ఒకడుండె ఇంగ్లండ్‌ల. టెర్రీ ప్రాచెట్, 2003ల వచ్చిన ది వీ ఫ్రీ మెన్. అండ్ల టిఫనీ అని తొమ్మిదేండ్ల పిల్ల. గొర్లు కాసుకునే ఇల్లు. ఆ ఊర్ల ఒక ముసలామెను మంత్రగత్తె అని అనుమానపడి ఇల్లు లేకుంట చేస్తరు, ఆమె చలికి చచ్చిపోతది. మళ్లీ అట్ల జరుగొద్దని ఆ పిల్ల తానే మంత్రగత్తె అయితనంటది. రాక్షసుల మీదికి ఏం పట్టుకపోతదో తెల్సా? ఇంట్లున్న పెనం. పెనం పట్టుకున్న ఆ పిల్లను ములుగు దిక్కు ఏ తండాల దించినా మన పిల్లనే అనిపిస్తది. నువ్వు కోటు విడిచి దిగినా కావు.

ఇదంత మా అక్క బిడ్డకు చెప్పిన. తలకాయ ఎత్తకుంటనే విన్నది. "చిన్నమ్మా, నీకు వాడే కనవడుతున్నడు. నాకు వాడు బోరు" అన్నది.

"మరి ఎందుకే చదువుడు?"

"ఆ అమ్మాయికి ఎవరూ ఫోన్ చెయ్యరు."

అప్పుడు మళ్లొకసారి తిరగేసి చూసిన. నిజమే. నీ పుస్తకాలల్ల అమ్మానాన్నలు దూరపు ఊర్ల ఉంటరు, లేకుంటె చచ్చిపోయి ఉంటరు, లేదంటె ట్విలైట్ల లెక్క నాయిన పోలీసు డ్యూటీల ఉంటడు. రాత్రి పదకొండుకు ఆడపిల్ల అడవిల ఉన్నా ఎవరూ అడుగరు. మా పిల్ల పొద్దున చీకట్ల బడి బస్సు ఎక్కుతది, స్టడీ అవర్ అయి ఇల్లు చేరేసరికి మళ్లీ చీకటే. నడుమ వాళ్లమ్మకు బస్సెక్కిన మెసేజ్, దిగిన మెసేజ్. ఇగ దానికి పిశాచి ఉన్న అడవైనా పార్కు లెక్కనే అనిపియ్యదా? నిన్ను పక్కకు జరిపి, నీ వెనకున్న ఆ ఖాళీ రోడ్డును చదువుతున్నది అది.

కాబట్టి సారూ, వచ్చే భాగంల నువ్వు జరంత తక్కువ కనవడు. దవడ వర్ణన ఒక పేజీకి కుదించు. ఆమెకు ఆ రోడ్డు, ఒక బండి, చేతుల ఒక పెనం ఇయ్యి.

ఇట్లు,
ఎల్లిపాయ కారం మానని ఒక పాఠకురాలు

తా.క.: పిల్లకు టిఫనీ పుస్తకం ఇచ్చిన. "ఇండ్ల ముద్దుల్లేవా?" అని అడిగి, వెనక అట్ట చదివి, బ్యాగుల వేసుకున్నది. నీ నాలుగో భాగం మాత్రం నా దగ్గరనే ఉంది, తోడేలు కాడ ఆగిన. ఇంకా సగం ఉంది.