నడుములో గేటు

(హనుమకొండ, కుమార్‌పల్లి. పొద్దున ఏడు. రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరైన సారయ్య మంచం మీద వెల్లకిలా పడుకుని, తిరుగుతున్న ఫ్యానుకు తన కష్టం చెప్పుకుంటున్నాడు. నడుము నొప్పికి మూడేళ్ళు నిండాయి. మూడు నెలలు దాటితేనే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఆ లెక్కన సారయ్యది బాగా సీనియర్ నొప్పి. భార్య స్వరూప చేతిలో నోటుబుక్కు.)

స్వరూప: లే. పది నిమిషాల నడక ఉంది.

సారయ్య: నడుమే లేవకపోతే నేనెట్ల లేస్తా? ఇగ నా పని అయిపోయింది. ఇది పక్షవాతమే.

స్వరూప: ఆగు, రాసుకోనీ. "పొద్దున ఏడు. మంచం మీద. ఆలోచన: నా పని అయిపోయింది, పక్షవాతమే." నొప్పి పదికి ఎంత?

సారయ్య: పదకొండు.

స్వరూప: పది దాటి లేదు.

సారయ్య: నడుము నాది, నంబర్ నీదా?

స్వరూప: పదకొండు నొప్పి ఉన్న మనిషి రాత్రి మూడు గంటలు పేకాడాడు. అదీ కాలు మీద కాలేసుకుని.

సారయ్య: అంటే నాది దొంగ నొప్పి! నడుము నొప్పి అని పోతే ఆ డాక్టరు సైకాలజిస్టు దగ్గరికి పంపడమేంది? సైకిల్ టైరుకు గాలి పోతే బెల్లు బాగు చేసినట్టుంది.

స్వరూప: ఆ మేడం మొదటి మాటే ఏమన్నది? నీ నొప్పి నిజం అన్నది. ఆ మాటకు నువ్వే కండ్లు తుడుచుకున్నావు.

సారయ్య: ఏసీ గాలికి నీళ్ళొచ్చాయి.

స్వరూప: స్కానింగ్‌లో డిస్క్ కొంచెం ఉబ్బిందని రాశారు. ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా అట్ల కనిపిస్తుందట. నువ్వేమో ఆ రిపోర్టు పట్టుకుని వాడకట్టంతా తిరిగి, వెన్నుపూస నుజ్జునుజ్జయిందని చాటింపు వేశావు.

సారయ్య: ఆ వైద్యం పేరేంది మళ్ళీ?

స్వరూప: కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. పొట్టిగా సీబీటీ.

సారయ్య: ఏ టీ అయినా నాకు చక్కెర లేకుండానే పోస్తావు.

స్వరూప: ఆరన్ బెక్ అని అమెరికా డాక్టరు, 1960లలో డిప్రెషన్ ఉన్నవాళ్ళ కోసం మొదలుపెట్టాడట. మనసులో తిరిగే మాటను పట్టుకుని, "నువ్వు నిజమేనా, సాక్ష్యం ఏంది" అని అడగాలి. తర్వాత నొప్పులవాళ్ళకూ వాడారు.

సారయ్య: సాక్ష్యాలు అడగడానికి నా నడుము మీద కోర్టు కేసుందా?

స్వరూప: ఇట్ల అంటావనే మేడం ఇంకోటి చెప్పింది. వెన్నులో గేటు లాంటిది ఉంటుందని 1965లో మెల్జాక్, వాల్ అని ఇద్దరు చెప్పారట. నొప్పి కబురు ఆ గేటు దాటితేనే...

(సారయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు. ఈ మూడేళ్ళలో ఇంత వేగంగా లేచింది ఇదే మొదటిసారి. స్వరూప చూసింది గానీ రాసుకోలేదు. అన్నీ రాస్తూ పోతే కాపురాలు నిలవవు.)

సారయ్య: గేటా? సిగ్నల్‌తో ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్ ఉందా?

స్వరూప: నాకేం తెలుసు!

సారయ్య: తెలియకుండా గేటు సంగతి మాట్లాడతావా? గేట్‌మన్ తన ఇష్టానికి తీయడు, వేయడు. స్టేషన్ మాస్టర్ ఫోన్ చేయాలి, ప్రైవేట్ నంబర్ అనే గుర్తు అంకె చెప్పుకోవాలి. ఇక్కడ మాస్టర్ ఎవరు?

స్వరూప: నీ తలకాయ.

సారయ్య: తిట్టకు.

స్వరూప: తిట్టు కాదయ్యా, జవాబు. మెదడే మాస్టర్. అది భయంతో ఉంటే గేటు బార్లా తీయిస్తుంది. నిమ్మళంగా ఉన్నా, వేరే పనిలో పడినా కొంత వేయిస్తుంది. పేకాటలో నీకు నడుము గుర్తురానిది అందుకే.

సారయ్య: ఖాళీ ఇంజిన్ వస్తుంటే రాజధాని ఎక్స్‌ప్రెస్ వస్తుందని హడలగొట్టే మాస్టరన్నమాట. సస్పెండ్ చేయాలి.

స్వరూప: చేస్తే నువ్వే ఉండవు. ఆయనతోనే సక్కగా పని చేయించుకోవాలి.

సారయ్య: కానీ గేటు ఎల్లకాలం మూసి ఉంచలేం. పావుగంట వేస్తేనే జనం నా ఏడు తరాలను తిట్టేవారు.

స్వరూప: మేడం అన్నదీ అదే. నొప్పి మొత్తం పోతుందని చెప్పలేదు. దానికి జడిసి మంచం పట్టడం తగ్గుతుందన్నది. మొన్న ఆదివారం ఏం చేశావు? నొప్పి లేదని నీళ్ళ ట్యాంకు కడిగావు, బియ్యం బస్తా జరిపావు, కొబ్బరి మట్టలు కొట్టావు. సోమ, మంగళ, బుధ మళ్ళీ మంచం. ఇగ నుంచి నొప్పిని కాదు, గడియారాన్ని చూడాలి. ఈ వారం బాగున్నా పది నిమిషాలే, బాగాలేకున్నా పది నిమిషాలే. వచ్చే వారం పన్నెండు.

సారయ్య: పన్నెండులో మిర్చి బజ్జీల బండి వస్తుందా?

స్వరూప: నీ లక్ష్యం రాసేశాను. భద్రకాళి చెరువు కట్ట మీద నడక.

సారయ్య: నా లక్ష్యం నువ్వు రాసుడేంది? కొట్టేయి. మేడారం అని రాయి. వచ్చే జాతరకు తల్లులకు నా నిలువెత్తు బంగారం నేనే మోసుకుపోతా.

స్వరూప: డెబ్బై ఎనిమిది కిలోల బెల్లం? ఆ నడుముతో?

సారయ్య: (లెక్క వేసుకుని) గద్దెల దాకా నడుస్తా. బెల్లం నువ్వు పట్టుకో.

(స్వరూప నోటుబుక్కు మంచం మీద పడేసి, మూలనున్న బిందె ఎత్తబోయి భుజం పట్టుకుంది.)

స్వరూప: అమ్మా! ఈ భుజం ఇగ పోయినట్టే. నా బతుకంతా ఇంతే.

(సారయ్య కళ్ళద్దాలు పెట్టుకుని నోటుబుక్కు అందుకున్నాడు.)

సారయ్య: "ఏడుంబావు. బిందె దగ్గర. ఆలోచన: బతుకంతా ఇంతే." సాక్ష్యం?

స్వరూప: మూడేళ్ళ నుంచి మంచం మీదనే ఉంది.

సారయ్య: నొప్పి పదికి ఎంత?

స్వరూప: పన్నెండు!

సారయ్య: పది దాటి లేదు. గేటు వేయమంటావా?

స్వరూప: ముందు వాకిలి గేటు వేయి. పక్కింటోళ్ళు ప్రహరీ పట్టుకుని వింటున్నారు.

(సారయ్య నడుము పట్టుకుని, కాస్త మూలుగుతూనే పోయి గేటు వేశాడు. నాలుగు నిమిషాలు పట్టింది. ఇవి పదిలో కలుస్తాయా, విడిగా లెక్కా అని అక్కడి నుంచే అరిచాడు.)