పోల్స్ కంటే ముందు శబ్దం చూడాలి

పోల్స్ (చూసేవాళ్లతో ఓటు వేయించే ప్రశ్నలు), క్విజ్‌లు పెడితే ఆన్‌లైన్ సభలో జనం చివరిదాకా ఉంటారని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. ముందు చెవికి ఇంపుగా వినబడాలి కదండీ! బెంగళూరులో మన తెలుగువాళ్ల ఆన్‌లైన్ ఉగాది సభల్లో వీణ, తంబుర తెగిపోతూ వినిపిస్తే అందరూ నెట్‌ని తిడతారు. చాలాసార్లు అసలు కారణం, వీడియో మీటింగ్ యాప్ జూమ్, తంబుర శ్రుతిని ఫ్యాన్ చప్పుడులా లెక్కగట్టి తీసేయడమే. జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ (శబ్దాన్ని వడకట్టకుండా పంపే సెట్టింగ్) ఎంచుకుని, మీటింగ్‌లోనూ ఆన్ చేయాలి. అప్పుడు పాడేవాళ్లకు హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, లేకపోతే ప్రతిధ్వని వస్తుంది. రెండు ఇళ్ల నుంచి కలిసి పాడించకండి. శబ్దం ఆలస్యంగా చేరి తాళం తప్పుతుంది. కవి సమ్మేళనమైతే మనిషికి 4 నిమిషాలు చాలు. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే మీటింగ్ ఆగిపోతుంది, అది గుర్తుంచుకుని కార్యక్రమం వేసుకోండి.