రెండు వంటల మధ్య ఉద్యోగం

టీచర్ ఉద్యోగం ఆడవాళ్ళకి భలే సరిపోతుందని మొన్న జనవరి 3న మా మండల కేంద్రంలో జరిగిన మహిళా టీచర్ల సన్మాన సభలో మరోసారి రుజువైంది. రుజువు చేసినాయన చేతిలో మైకు ఉంది కాబట్టి వేరే సాక్ష్యం అవసరం పడలేదు.

"పొద్దున్నే వంట చేసుకుని రావచ్చు, సాయంత్రం పోయి వంట చేసుకోవచ్చు. ఇంతకన్నా ఏం కావాలమ్మా మీకు?" అన్నారాయన. ముందు వరసలో కూర్చున్న టీచర్లు చప్పట్లు కొట్టారు. సర్వీసు రిజిస్టర్లు ఎవరి బీరువాలో ఉంటాయో వాళ్ళకి తెలుసు.

మా ఆవిడ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్. ఆమెకి శాలువా కప్పుతారంటే ఫొటో తీద్దామని వెళ్ళాను. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. ఉద్యోగం అంటే ఏమిటని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు తలలు బద్దలు కొట్టుకున్నారు కదా, మా మండలంలో తేలిపోయింది. రెండు వంటల మధ్య దొరికే ఖాళీ పేరే ఉద్యోగం.

ఆ ఖాళీని దేశం బాగానే వాడుకుంటోంది. 2014-15లో మన బడుల్లోని టీచర్లలో ఆడవాళ్ళు 46.9 శాతం. 2024-25 నాటికి టీచర్ల సంఖ్య కోటి దాటింది, అందులో ఆడవాళ్ళు 54.2 శాతం అయ్యారు. ప్రపంచం మొత్తం మీద చూస్తే ప్రాథమిక బడుల్లో ప్రతి ముగ్గురు టీచర్లలో దాదాపు ఇద్దరు ఆడవాళ్ళే. అదే మన కాలేజీలు, యూనివర్సిటీల్లో 2021-22 లెక్క ప్రకారం 43.4 శాతమే. పిల్లాడికి ముక్కు కారుతున్నంత కాలం చదువు చెప్పడం స్త్రీ సహజ గుణం. వాడికి మీసాలొచ్చాక అదే పని మేధస్సు.

మగవాడు ఈ పని చేసినన్నాళ్ళూ ఊళ్ళో ఏమనేవాళ్ళు? బతకలేక బడిపంతులు. అదే కుర్చీలోకి ఆవిడ వచ్చి కూర్చునేసరికి దేవుడిచ్చిన వరం అయిపోయింది. కుర్చీ మాత్రం అదే. ఒక కాలు ఇప్పటికీ పొట్టి.

ప్రభుత్వానికీ ఈ వరం మీద ముందునుంచీ శ్రద్ధ ఉంది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పెట్టి, ప్రతి ప్రాథమిక బడికీ ఏమేం ఉండాలో జాబితా రాశారు. రెండు గదులు, నల్లబల్ల, మ్యాపులు, ఆటవస్తువులు, ఇద్దరు టీచర్లు, వాళ్ళలో వీలైనంతవరకూ ఒకరు ఆడమనిషి. సామాను లిస్టులో పడ్డా సరే, పడ్డారు. ఆ ఇద్దరి సంగతి ఏమైందంటే, 2024-25లో కూడా దేశంలో 1,04,125 బడులు ఒక్క టీచరుతో నడుస్తున్నాయి. అన్నిటికన్నా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లో. అలాంటి బడిలో ఆవిడ ఉంటే నూటికి నూరు శాతం మహిళా ప్రాతినిధ్యం.

ఇక సభ సంగతి. 2025లో తెలంగాణ ప్రభుత్వం, ఆడపిల్లలకి చదువు చెప్పిన సావిత్రీబాయి ఫూలే పుట్టినరోజైన జనవరి 3ని మహిళా టీచర్ల దినోత్సవంగా ప్రకటించింది. మంచి పనే, నేనేమీ అనను. మా మండలంలో దాన్ని ఎలా జరిపారో చెబుతాను.

ఫ్లెక్సీ మీద పదకొండు మంది మగవాళ్ళు నమస్కారం పెడుతున్నారు. సావిత్రీబాయి ఎక్కడా అని వెతికితే ఎడమ మూల, పోస్టల్ స్టాంపు సైజులో దొరికింది. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. మహిళల తరఫున ఒకటి అట్టిపెట్టారు. అందులో మాజీ సర్పంచి గారి ప్రస్తుత భర్త కూర్చున్నారు. ముగ్గు వేసింది, దీపం కుందెలు తెచ్చింది, వత్తులు చేసింది, ప్రార్థన పాడింది, టీలు అందించింది సన్మానగ్రహీతలే. శాలువాల ఖర్చుకి మనిషికి మూడొందలు వాళ్ళ దగ్గరే వసూలు చేశారని తర్వాత తెలిసింది. సొంత డబ్బుతో తనకి తాను శాలువా కప్పుకుంటే బాగోదు కాబట్టి, కప్పడానికి ఒక మగ చెయ్యి కావాలి. అందుకోసమే ముఖ్య అతిథి.

తొమ్మిదిన్నరకే రమ్మన్నారు. అతిథి ఒంటిగంటా ఇరవైకి వచ్చారు. సావిత్రీబాయి 1848లో పూణేలో ఆడపిల్లలకి చదువు చెప్పడానికి వెళ్తుంటే జనం పేడ, బురద విసిరేవాళ్ళనీ, ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుని బడికి పోయి మార్చుకునేదనీ గద్గద స్వరంతో చెప్పారు. "ఆ ఓర్పు మీకూ కావాలి" అన్నారు. పేడ విసిరినవాళ్ళ గురించి మాత్రం ఒక్క మాట లేదు. బహుశా బంధువులేమో.

వంట మాట అప్పుడే వచ్చింది. అది అయ్యాక అతిథి పక్కకి వంగి ఏదో అన్నారు. ఒకాయన లేచాడు, ఇద్దరు పరిగెత్తారు, అటెండర్ చొక్కా జేబులోంచి తాళంచెవి తీశాడు. వేదిక వెనకాల మరుగుదొడ్డి తలుపు తెరుచుకుంది. బకెట్టుతో నీళ్ళు వచ్చాయి. కొత్త సబ్బు వచ్చింది. అతిథి వెళ్ళారు, వచ్చారు. అటెండర్ మళ్ళీ తాళం వేసి జేబులో వేసుకున్నాడు.

తొమ్మిదిన్నర నుంచి అక్కడే కూర్చున్న అరవైమంది ఆడవాళ్ళు ఆ తలుపు తెరుచుకోవడం చూశారు, మూసుకోవడమూ చూశారు.

ఇక్కడితో నా హాస్యం అయిపోయింది. దేశంలో 97 శాతం బడుల్లో ఆడపిల్లలకి మరుగుదొడ్డి ఉందని లెక్క చెబుతుంది. ఉంటుందండీ. దానికి తాళం కూడా ఉంటుంది. నీళ్ళు రాకపోతే, తలుపుకి గడియ లేకపోతే అది మరుగుదొడ్డి కాదు, మరుగుదొడ్డి బొమ్మ. మా ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా పొద్దున్నే మంచినీళ్ళు తాగదు. తాగితే మధ్యాహ్నానికి ఎక్కడికి పోవాలి? రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, ఇంజెక్షన్లు. డాక్టరమ్మ చీటీ రాస్తూ "టీచరా?" అని అడిగింది. రోగం చూసి ఉద్యోగం చెప్పేసింది! ఆంధ్రప్రదేశ్‌లో అయితే కొన్నాళ్ళు టీచర్ల చేత బడి మరుగుదొడ్లకి ఫొటోలు తీయించి యాప్‌లో ఎక్కించుకున్నారు. ఫొటో తీసే ఆవిడ దాన్ని వాడగలుగుతుందా అని ఏ వెధవైనా అడిగాడా?

ప్రైవేటు బడుల్లో మిస్సుల సంగతి ఎత్తితే ఈ కాలమ్ చాలదు. కరోనాలో బడులు మూతపడితే 2021లో తెలంగాణలో ప్రైవేటు టీచర్లకి నెలకి 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. ఎమ్మెస్సీ బీఈడీ చదివి బియ్యం కోసం లైన్లో నిలబడినవాళ్ళకి కూడా ఇదే చెప్పి ఉంటారు, మీకు ఈ ఉద్యోగం భలే సరిపోతుందమ్మా అని.

సభ మూడింటికి ముగిసింది. మా ఆవిడ శాలువాతోనే స్కూటీ ఎక్కి, ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా బాత్రూంలోకి పరిగెత్తింది. బయటికొచ్చేసరికి ఫోన్లో మెసేజ్. మహిళా టీచర్ల దినోత్సవం ఫొటోలు సాయంత్రం అయిదులోపు గ్రూపులో పెట్టగలరు. పెట్టింది. తర్వాత వంట చేసింది. ఆ పెద్దమనిషి చెప్పినట్టే.

మా ఇంట్లో ఇప్పటికి నాలుగు శాలువాలయ్యాయి. ఒకటి మిక్సీ మీద, ఒకటి టీవీ మీద, ఒకటి కుట్టుమిషన్ మీద ఉన్నాయి. ఈ కొత్తది ఇన్వర్టర్‌కి కొలిచి చూశాం. పొట్టిగా ఉంది.