పూడిక పరిరక్షణ కోసం ఒక విన్నపం

పాత కాలువల పునరుద్ధరణకు ప్రభుత్వం వెంటనే నిధులివ్వాలని మన ఉత్తరాంధ్రలో కొందరు ఏటా గొడవ చేస్తుంటారు. కలెక్టరేట్ గేటు ముందు టెంటు వేస్తారు, సోమవారం అర్జీ పెడతారు, ఎండిన నారు పట్టుకుని ఫొటో దిగుతారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మేలు కోరే పౌరుడిగా ఈ డిమాండును నేను తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను. కాలువ బాగుపడితే మనం పోగొట్టుకునేవి చాలా ఉన్నాయి. వాటి తరఫున అర్జీ పెట్టేవాడు ఇంతవరకు ఒక్కడూ కనబడలేదు కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

ముందు కాస్త చరిత్ర. కరువుతో అల్లాడుతున్న జనం మొరపెట్టుకుంటే బలరాముడు తన నాగలితో నేల చీల్చి నాగావళిని తెచ్చాడని మన స్థలపురాణం. దారి పొడవునా పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్ళేపల్లి, ఇలా ఐదు చోట్ల శివలింగాలు ప్రతిష్ఠించాడని కూడా చెబుతారు. సర్వే లేదు, భూసేకరణ లేదు, పరిపాలనా ఆమోదం లేదు. ఒక్కడే మనిషి, ఒక్కటే పనిముట్టు. పైగా చెప్పిన పని చెప్పినట్టు పూర్తయింది. ఇదే ఇప్పుడు జరిగి ఉంటే ఆయన మీద విజిలెన్స్ విచారణ తప్పేది కాదు.

తర్వాత ఇంగ్లీషు దొరల కాలంలో, 1908లో, తోటపల్లి దగ్గర అదే నాగావళికి అడ్డంగా రెగ్యులేటర్ కట్టారు. దాని కింద 64 వేల ఎకరాల ఆయకట్టు. మనం ఊరుకుంటామా? పాతదాని ఆయకట్టుకు భరోసా ఇవ్వడంతోపాటు కొత్తగా ఇంకో 1 లక్షా 20 వేల ఎకరాలకు నీళ్ళివ్వాలని అక్కడే బ్యారేజీ తలపెట్టాం. 2003లో శంకుస్థాపన, 2015లో జాతికి అంకితం. మధ్యలో పన్నెండేళ్ళు. ఈ లోగా పుట్టిన పిల్లలు ఏడో తరగతికి వచ్చారు. కొత్త కట్టడమంటే మనకు ఎంత ఓపికో, ఎంత మమకారమో దీన్నిబట్టి తెలుస్తుంది. కొబ్బరికాయ కొట్టడానికి చోటుంటే చాలు, మన ఖజానాలో డబ్బు ఎక్కడినుంచో పుట్టుకొస్తుంది. అదే పాత కాలువలో పూడిక తీయడానికి కొబ్బరికాయ కొట్టించుకునే నాయకుణ్ణి ఎవరైనా చూశారా? ఆ బురదలో నిలబడి కొడితే కాయ పగలదు.

వంశధార సంగతీ అంతే. గొట్టా బ్యారేజీ నుంచి ఎడమ ప్రధాన కాలువ 100 కిలోమీటర్లకు పైగా వెళుతుంది. చివరికొచ్చేసరికి టెక్కలి, పలాస వైపు శివారు రైతులు ప్రతి ఖరీఫ్‌లో ఆకాశం వంక, ఆ తర్వాత గొట్టా వంక చూస్తారు. ఒడిశా సరిహద్దున నేరడి దగ్గర బ్యారేజీ కోసం మాత్రం మనం ఒడిశాతో ట్రిబ్యునల్ దాకా వెళ్ళాం. 2010లో ట్రిబ్యునల్ వచ్చింది, 2017లో తీర్పు వచ్చింది. రాని నీళ్ళ కోసం ఢిల్లీలో పెద్ద పెద్ద లాయర్లు వాదించారు. వచ్చిన నీళ్ళు గండ్లలోంచి కారిపోతుంటే వాదించడానికి ఏ లాయరూ గట్టు మీదికి రాడు. ఎందుకు వస్తాడు, అక్కడ ఫ్యాను కూడా ఉండదు.

ఇక మా కాలువ. దాని పేరు ఈ వ్యాసంలో రాయను. రాస్తే ఆ ఒక్కదాన్నే బాగుచేసి మిగతావాటిని వదిలేసే ప్రమాదం ఉంది. పాఠకులు ఎవరి కాలువ వాళ్ళు అనుకోవచ్చు.

మా ఊరి పొలాలకు నీరు వదిలే మదుము దగ్గర ఒక షట్టరుంది. ఒక ఇనుప పలక, దాన్ని పట్టుకుని నిలువుగా మరలున్న కడ్డీ, పైన తిప్పడానికి చక్రం. చక్రం లేదు. ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు గానీ, ఏ పాత ఇనుము కొట్టుకు పోయిందో ఊరందరికీ తెలుసు. కడ్డీ వంగింది. పలక అడుగున తుప్పు పట్టి చేయి దూరేంత కన్నం పడింది. అది పైకి లేవదు, కిందికి దిగదు. నీరు ఆపాలంటే మావాళ్ళు యూరియా సంచుల్లో ఇసుక నింపి, సందుల్లో గడ్డి కుక్కి, తాటిపట్టె అడ్డం పెడతారు. వదలాలంటే ఇద్దరు మొలలోతు నీళ్ళలో దిగి ఆ సంచుల్ని ఒక్కొక్కటీ లాగుతారు. లాగినప్పుడల్లా ఒకటి చేయి జారి, కొట్టుకుపోయి, కింది ఊరి మదుములో ఇరుక్కుంటుంది. వాళ్ళు దాన్ని పట్టుకుని మా ఊరికి వస్తారు. మావాళ్ళు ఆ సంచి మాది కాదంటారు. అలా రెండు ఊళ్ళ మధ్య రాకపోకలు పెరిగాయి, మాటా మాటా పెరిగింది, ఒకటి రెండుసార్లు పోలీస్ స్టేషన్‌లో కలిసి టీ కూడా తాగారు. కొత్త షట్టరు బిగిస్తే ఈ అనుబంధమంతా ఏం కావాలి? ఏ ప్రాజెక్టు నివేదిక, అదే డీపీఆర్‌లోనైనా ఈ నష్టం లెక్క కట్టారా?

ఒకప్పుడు కాలువకు కాపలా కాసే లస్కరు ఉండేవాడు. సైకిలు మీద గట్టు పొడవునా తిరుగుతూ, ఎక్కడ ఎలుక బొరియ పెట్టిందో, ఎవడు దొంగచాటుగా గట్టు తవ్వి తూము పెట్టాడో కనిపెట్టి కేకలేసేవాడు. ఆయన రిటైరయ్యాక ఆయనతోపాటు ఆ పోస్టు కూడా రిటైరయింది. ఇప్పుడు బొరియ పెట్టే ఎలుకకు గానీ, తూము పెట్టే మనిషికి గానీ ఎలాంటి టెన్షన్ లేదు. ప్రశాంతత కూడా అభివృద్ధిలో భాగమే కదా.

పూడిక మీద చాలామందికి చిన్నచూపు. దాని వెనుక ఎంత శ్రమ ఉందో వాళ్ళకు తెలియదు. వేసవిలో ఉపాధి హామీ కింద ఆడవాళ్ళు తెల్లారగట్ల వచ్చి తట్టలతో మట్టి ఎత్తుతారు. ఆ ఎండలో దూరం మోసే ఓపిక ఎవరికి ఉంటుంది? గట్టు అంచునే పోస్తారు. కొలతలు తీస్తారు, ఫొటో అప్‌లోడ్ చేస్తారు. మొదటి వానకు ఆ మట్టి జారి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. వచ్చే ఏడు అదే మట్టి, అదే తట్ట, అవే చేతులు. మా ఊరి ఆడవాళ్ళు ఆ మట్టిని ముఖం చూసి గుర్తుపడతారు. గట్టుకు అవతల పోస్తే ఒక్క ఏడాదిలో పని అయిపోతుంది. అయిపోయే పని వల్ల ఎవరికి ఉపయోగం?

పనుల పంచాంగం గురించి కూడా తెలియనివాళ్ళకు చెప్పాలి. సంక్రాంతి వెళ్ళాక అంచనాలు వేస్తారు. మార్చిలో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కనుక ఫైలు ఆగుతుంది. ఏప్రిల్‌లో ఆర్థిక సంవత్సరం మొదలైంది కనుక ఫైలు కదలదు. మేలో టెండరు పిలుస్తారు. పాత బిల్లులు పెండింగులో ఉన్నాయని కాంట్రాక్టర్లు రారు. మళ్ళీ పిలుస్తారు. ఈలోగా రేట్లు పెరుగుతాయి, అంచనా సవరించాలి. సవరించేసరికి మృగశిర కార్తె దాటుతుంది, పైన నీళ్ళు వదులుతారు, కాలువలో నీరుండగా పనులు చేయరాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రతి కాగితం దాని నియమం ప్రకారమే నడిచింది. నీళ్ళకు మాత్రమే నియమం లేదు, అవి జూన్‌లో వచ్చేస్తాయి.

ఎప్పుడైనా గ్రహాలన్నీ కలిసొచ్చి టెండరు ఖరారైతే ఇంకా బాగుంటుంది. నీళ్ళు వదలడానికి వారం ముందు సిమెంటు లైనింగ్ మొదలవుతుంది. ఆరకముందే నీరొస్తుంది. లైనింగ్ ఎంత దూరం వేశారో చూద్దామంటే నీటి అడుగున ఉంది. నీళ్ళు తగ్గాక చూద్దామంటే లైనింగ్ లేదు. పనుల కొలతలు రాసే ఎం-బుక్‌లో మాత్రం చెక్కు చెదరకుండా ఉంది. వారసత్వ సంపదను కాగితం మీద భద్రపరచడమంటే ఇదే.

మా ఊరి పెద్దాయన ఒకడు కిందటి ఖరీఫ్‌లో గట్టు మీద కనబడిన ఒక కుర్ర ఇంజనీరుని అడిగాడు, "బాబూ, ఈ ఏడైనా శివారుకి నీరొస్తాదా?" అని.

"పైన మంచి వాన పడితే తప్పకుండా వస్తుంది తాతా."

"వాన పడితే మరి నీ కాలవెందుకు నాయినా?"

ఇలాంటి మొరటు ప్రశ్నల వల్లే యువ అధికారులు మన జిల్లాల నుంచి బదిలీ కోరుకుంటున్నారు.

డబ్బు మాటకొద్దాం. ఖరీఫ్ వరికి నీటి తీరువా ఎకరానికి 200 రూపాయలు. 1990ల్లో పెట్టిన రేటు. తోటపల్లి పాత ఆయకట్టు 64 వేల ఎకరాలూ అణా పైసలతో కట్టినా 1 కోటి 28 లక్షలు. ఆ డబ్బుతో కాలువలను పోషించుకోమంటే ఎవరికైనా నవ్వొస్తుంది. రేటు పెంచుతామనే ధైర్యం ఏ పార్టీకీ లేదు, పెంచకుండా ఖజానాలోంచి ఇస్తామనే ఉద్దేశమూ లేదు. రైతు మాత్రం ఊరుకోడు. వరినాట్ల ఉబాలు దగ్గరపడేసరికి ఎకరానికి ఇంతని చందా వేసుకుని జేసీబీ తెప్పిస్తాడు. జేసీబీ గంట అద్దె ఎకరం తీరువాకు అయిదారింతలు. అంటే ప్రభుత్వ కాలువకు ప్రభుత్వం తీరువా వసూలు చేస్తుంది, రైతు మరమ్మతు చేయిస్తాడు. ఇంత చక్కటి ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. దీన్ని చెడగొట్టి నిధులిమ్మని అడగడం రైతు ఆత్మగౌరవాన్ని దెబ్బతీయడమే.

రైతులే కాలువలు చూసుకోవాలని 1997లో చట్టం కూడా చేసి నీటి సంఘాలు పెట్టారు. 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు జరిగాయి. అధ్యక్షులొచ్చారు, శాలువాలు కప్పారు, ఫ్లెక్సీలు కట్టారు. ఫ్లెక్సీలు కట్టడానికి కాలువ గట్టు మీద సరుగుడు కర్రలు పాతాల్సి వచ్చింది. గట్టుకు ఆ ఏడాది జరిగిన పటిష్ఠపరిచే పని బహుశా అదొక్కటే.

జిల్లాల విభజన ఇంకో వరం. 2022 ఏప్రిల్ 4 నుంచి తోటపల్లి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. పాలకొండ, వీరఘట్టం శ్రీకాకుళం నుంచి అక్కడికే వెళ్ళాయి. రాజాం, వంగర, సంతకవిటి విజయనగరంలోకి వచ్చాయి. నాగావళి మీదే ఉన్న నారాయణపురం ఆనకట్టకైతే ఒక గట్టున సంతకవిటి మండలం, అంటే విజయనగరం. అవతలి గట్టున బూర్జ మండలం, అంటే శ్రీకాకుళం. ఇదివరకు శివారు రైతు ఒక్క కలెక్టరేటుకు వెళితే సరిపోయేది. ఇప్పుడు నీరు ఒక జిల్లాలో ఆగి, ఇంకో జిల్లాలో కారి, మూడో జిల్లాకు రాకుండా పోతే, మూడుచోట్లా అర్జీ పెట్టుకునే అవకాశం ఉంది. ఆర్టీసీకి ఆదాయం కూడా. నారాయణపురం ఆధునికీకరణకు జపాను ప్రభుత్వ సహాయ సంస్థ జైకా రుణం కూడా తీసుకున్నారు. ఎక్కడి టోక్యో, ఎక్కడి బూర్జ! మన గట్టు మీద మన ఖజానాకు లేని నమ్మకం వాళ్ళకు కలిగిందంటే, వాళ్ళు ఇటువైపు ఎప్పుడూ వచ్చి చూడలేదేమోనని నా అనుమానం.

విమర్శించి ఊరుకోవడం నా పద్ధతి కాదు. అందుకే ప్రత్యామ్నాయం కూడా సూచిస్తున్నాను. మన పాత కాలువలను ఉన్నవున్నట్టు, పూడికతో సహా, రక్షిత వారసత్వ ప్రదేశాలుగా ప్రకటించాలి. అప్పుడు బాగుచేయడం చట్టరీత్యా నేరమవుతుంది. ఇప్పుడు జరుగుతున్నదానికి చట్టబద్ధత వస్తుంది తప్ప కొత్తగా ఖర్చేమీ ఉండదు. గుర్రపుడెక్క పూసినప్పుడు కాలువంతా ఊదారంగు తివాచీ పరిచినట్టుంటుంది. ఇప్పటికే ప్రీ వెడ్డింగ్ షూట్లకు కుర్రాళ్ళు వస్తున్నారు, గంటకింత అని టికెట్ పెట్టొచ్చు. చక్రం లేని షట్టర్లకు తెల్ల సున్నం చుట్టూ గీసి నంబర్లు వేయాలి. సంచులు లాగే ఇద్దరు రైతులకు వేషభాషలు కాస్త సరిచేసి, పర్యాటకుల ముందు రోజుకు రెండు ఆటలు ఆడించొచ్చు. ఆ విధంగా వ్యవసాయం లాభసాటి అవుతుంది.

శిలాఫలకాల విభాగం విడిగా ఉండాలి. మా మదుము పక్కనే రెండున్నాయి. ఒకే పనికి ఒక ప్రభుత్వం వేసింది ఒకటి, తర్వాతి ప్రభుత్వం వేసింది ఇంకొకటి. మొదటిదాని మీద పేర్లు ఉలితో చెక్కి తీసేశారు, "గౌరవనీయులైన" అన్నది మాత్రం మిగిలింది. దాని మీద మా ఊరి చాకలి బట్టలు ఉతికేవాడు, నున్నగా ఉంటుందని. నీళ్ళు రాక ఇప్పుడు మానేశాడు. రెండోదాని మీద పేర్లు భద్రంగా ఉన్నాయి, ఎన్నికలు ఇంకా దూరం కదా.

ఈ ప్రదేశాలను చూపించడానికి గైడ్లు కావాలి. న్యాయంగా ఆ పని లస్కర్లది, కానీ ఆ పోస్టులు లేవని చెప్పుకున్నాం. కాబట్టి గైడ్లు ఉండరు, బోర్డులుంటాయి. బోర్డులకు నిధులు ఎక్కడివి అని అడుగుతారేమో. కాలువల నిర్వహణ పద్దు ఎలాగూ ఖర్చు కాకుండా మురిగిపోతోంది, అందులోంచి తీయొచ్చు. ఫైవ్ లాక్స్ లోపు పని కనుక టెండరు కూడా అక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా చేసి నామినేషన్ మీద ఇచ్చేయొచ్చు. మా ఊళ్ళో ఫ్లెక్సీలు వేసే కుర్రాడు ఒకడున్నాడు, నీటి సంఘం అధ్యక్షుడుగారి బావమరిది. కొలతలు ఇప్పటికే తీసుకెళ్ళాడు.