సగటు విద్యార్థి ఏ తరగతిలోనూ ఉండడు

గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27.1 శాతం. తీసివేత లెక్క చేయగలిగినవారు 33.7 శాతం. గ్రామీణ పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి కొలిచే సర్వే అసర్ 2024 నివేదిక చెప్పిన మాట ఇది. ఇలాంటి నివేదిక వచ్చిన ప్రతిసారీ మన దగ్గర ఒకే తంతు నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఎన్నో స్థానం, తెలంగాణ ఎన్నో స్థానం అని వెతుకుతారు. ప్రతిపక్షం ప్రభుత్వాన్ని నిలదీస్తుంది, ప్రభుత్వం గత ప్రభుత్వం మీదికి నెడుతుంది. వారం తిరిగేసరికి అందరూ మర్చిపోతారు. చదవలేకపోయిన ఆ 73 శాతం మంది పిల్లలు ఎక్కడ ఆగిపోయారు, అందరూ ఒకేచోట ఆగారా అని అడిగేవారు తక్కువ.

నిజానికి ఆ సర్వేలో ర్యాంకుల కన్నా విలువైనది దాని పద్ధతి. 2005లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ దీన్ని మొదలుపెట్టినప్పటి నుంచి వలంటీర్లు ఇంటికి వెళ్లి, పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తున్నారు. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చిన్న కథ. లెక్కల్లో అంకెలు, రెండంకెల సంఖ్యలు, పక్క స్థానం నుంచి తెచ్చుకోవాల్సిన తీసివేత, భాగహారం. ప్రతి బిడ్డా ఏ మెట్టు దాకా ఎక్కగలిగిందో రాసుకుంటారు. ఆ కాగితాలు చూస్తే తెలిసేదేమిటంటే, ‘చదవలేనివారు’ అని మనం ఒకే గంపలో వేసిన పిల్లల్లో ఒకరికి అక్షరాలే రావు, ఒకరికి పదాలు వచ్చు గానీ వాక్యం దగ్గర తడబాటు, ఇంకొకరు పేరా చదివేసి కథ దగ్గర ఆగారు. వీళ్లకు కావాల్సిన పాఠాలు వేరు. టీచర్ చేతిలో తెరిచి ఉన్న పేజీ మాత్రం ఒక్కటే.

పై తరగతులకు వెళ్లేకొద్దీ ఈ ఎడం ఇంకా పెరుగుతుంది. ఢిల్లీలో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. అందులో ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులకు చేరింది. అదే పిల్లలు హిందీలో అంత వెనకబడలేదు. అంతకన్నా ఆలోచించాల్సిన సంగతి మరొకటుంది: ఒకే గదిలో కూర్చున్న పిల్లల స్థాయిలు ఐదారు తరగతుల మేర పరుచుకుని ఉన్నాయి. తొమ్మిదో తరగతి పుస్తకం పట్టుకుని నిలబడ్డ మాస్టారు ఎవరికి చెబుతున్నట్టు? ముందు బెంచీల్లో నలుగురికి. మిగిలినవారు బోర్డు మీది లెక్కను నోట్సులోకి దించుకుంటారు. దించుకోవడం మన బడుల్లో ఎంత బాగా వచ్చిందంటే, నోట్సు చూసి ఏ మండల విద్యాధికారి (ఎంఈఓ) కూడా లోపం పట్టుకోలేడు.

దీనికి టీచర్లను తిట్టడం తేలిక. చట్టం వాళ్లకు అప్పజెప్పిన పనిని ఒకసారి చూడండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను వరసగా చెబుతుంది. నిర్ణీత గడువులో మొత్తం సిలబస్ పూర్తి చేయాలన్నది ఒక విధి. దాని వెంటనే, ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి అందుకు తగ్గట్టు అదనపు బోధన అందించాలన్నది మరో విధి. రెండూ చట్టమే. తనిఖీకి వచ్చిన అధికారి అడిగేది మొదటిదే: ఏ యూనిట్‌లో ఉన్నారు, ఎఫ్ఏ (మధ్యమధ్య పెట్టే ఫార్మేటివ్ పరీక్షల) మార్కులు ఎక్కించారా, యాప్‌లో అప్‌లోడ్ అయిందా? మీ తరగతిలో ఒత్తులు రానివారెవరు, గత నెల నుంచి వారిలో ఎవరు ముందుకొచ్చారు అని అడిగే ఫారం మన విద్యాశాఖల్లో అరుదు. ఐదు తరగతులకు ఒకే టీచర్ (ఎస్జీటీ) ఉన్న బడిలో ఈ రెండు విధుల్లో ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

చదువులో వెనకబడ్డవాడు లెక్కల్లోనూ మొద్దే అనుకోవడం మనకు అలవాటు. పరిశోధనలు ఈ అలవాటును సమర్థించడం లేదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లల్ని పరీక్షించి, 2025లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. కొనుగోలుదారుల్లా వెళ్లి, నోటి లెక్కకు అంత తేలిగ్గా లొంగని బరువుల్లో కూరగాయలు అడిగారు. పిల్లలు కాగితం లేకుండా ధర కట్టి, చిల్లర సరిగ్గా తిరిగిచ్చారు. అదే పిల్లలకు కాగితం మీద మామూలు భాగహారం ఇస్తే చాలామంది చేయలేకపోయారు. మార్కెట్లో పనిచేయకుండా బడికి మాత్రమే వెళ్లే పిల్లల సంగతి సరిగ్గా తలకిందులు. కాగితం మీద లెక్క వచ్చింది, బజారు లెక్క దగ్గర చేతులెత్తేశారు. అంటే రెండు వైపులా బుర్ర ఉంది, రెండు వైపులా బడి తన పని పూర్తి చేయలేదు. మన రైతుబజార్లో సాయంత్రం తల్లి పక్కన కూర్చుని లెక్క చెప్పే పిల్లకు పొద్దున లెక్కల్లో సున్నా ఎందుకొస్తోందో ఆ బడివాళ్లు ఎన్నడైనా ఆరా తీశారా?

చదవడం విషయానికొస్తే మరో చిక్కుంది. పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారన్న పరిశోధనలో పెద్ద భాగం ఇంగ్లిష్ మీద జరిగింది. అక్కడ 26 అక్షరాలు. చిక్కంతా స్పెల్లింగుకూ ఉచ్చారణకూ పొత్తు కుదరకపోవడంలో ఉంది. తెలుగులో రాసిందే పలుకుతాం, ఆ బాధ లేదు. కానీ అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిపితే బిడ్డ కంటికి ఆనవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడ మీద పరిశోధకురాలు సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాలన్నీ పట్టుబడటానికి పిల్లలకు నాలుగో తరగతి దాకా సమయం పడుతోందని చూపింది. ఒకటో తరగతి సంక్రాంతికి అక్షరమాల అయిపోవాలి, రెండో తరగతికి ఒత్తులు వచ్చేయాలి అని మనం పెట్టుకున్న గడువులు ఏ పరిశోధన మీద ఆధారపడ్డాయో ఎవరైనా చెబితే బాగుండు. గుణింతం దగ్గర సాఫీగా సాగి ఒత్తు దగ్గర ఆగే పిల్లలెందరు, ఒత్తులు పట్టుబడినా వేగం రాక అర్థం జారిపోయేవారెందరు? రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు (ఎస్‌సీఈఆర్‌టీలు), విశ్వవిద్యాలయాలు కలిసి చేయవలసిన పని ఇది. ఇంగ్లిష్ మీడియమా తెలుగు మీడియమా అని ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాం. ఏ మీడియంలోనైనా బిడ్డ మొదటి వాక్యం చదవడానికి ఏం అడ్డొస్తోందన్న ప్రశ్న ఆ గొడవలో ఎక్కడా వినిపించలేదు.

ఇక ‘పుట్టుకతో వచ్చిన తెలివి’ అనే మాట. దీన్ని దాటవేయడం నిజాయతీ అనిపించుకోదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1994-96 మధ్య పుట్టిన కవలల్ని ఏళ్ల తరబడి గమనిస్తున్న అధ్యయనం ఉంది. అచ్చం ఒకేలా ఉండే కవలల్నీ పోలికల్లో తేడా ఉండే కవలల్నీ పోల్చి, చదవడంలో గణితంలో పిల్లల మధ్య తేడాలకు జన్యువుల పాత్ర గణనీయంగా ఉందని అది చెబుతోంది. చదవడాన్ని ప్రభావితం చేసే జన్యువుల్లో దాదాపు సగం గణితాన్నీ ప్రభావితం చేస్తాయని 2014లో ఆ బృందం ప్రకటించింది. ఈ మాట వినగానే ‘వాడి రాత అంతే’ అనేసేవాళ్లు అమెరికాలోని ఫ్లోరిడా కవలల మీద 2010లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితాన్నీ చదవాలి. ఒకటి, రెండు తరగతుల కవలల్లో జన్యువుల ప్రభావం అందరిలో ఒకేలా కనబడలేదు. మంచి టీచర్ దొరికిన తరగతుల్లో అది బాగా కనబడింది, బోధన నాసిరకంగా ఉన్నచోట మసకబారింది. నీళ్లందని చేలో ఎంత మంచి విత్తనమైనా పక్కదానిలాగే గిడసబారుతుంది. పిల్లల సహజ శక్తుల గురించి తీర్పు చెప్పే అర్హత ముందు బాగా బోధించిన బడికే వస్తుంది. మన బడుల్లో చాలావాటికి ఆ అర్హత ఇంకా రాలేదు.

తెలుగు నేల మీదే ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 ప్రాంతం నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని అనుసరిస్తోంది. శ్రీకాకుళం, పశ్చిమగోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ ప్రాంతాల పిల్లలు వీరు. ఇథియోపియా, పెరూ, వియత్నాంలలోనూ ఇదే పద్ధతిలో పిల్లల్ని గమనించారు. ఆ సమాచారంతో అభిజిత్ సింగ్ చేసిన విశ్లేషణ మనకు చురుక్కుమనిపించాలి. ఐదేళ్ల వయసులోనే ఈ దేశాల పిల్లల మధ్య కొంత తేడా ఉంది. బడిలో చేరాక అది వేగంగా పెరిగింది. వియత్నాంలో ఒక ఏడాది ప్రాథమిక చదువు నేర్పినంత గణితం మన దగ్గర ఒక ఏడాది చదువు నేర్పలేదు. పేదరికం, తల్లి చదువు, ఇంటి పరిస్థితి అన్నీ నిజమైన కారణాలే. అయినా బడి లోపలే పెరిగిన ఎడానికి ఇంటిని తప్పుపట్టి తప్పించుకోలేం. ఇరవై ఏళ్లకు పైగా మన పిల్లల గురించి పోగైన ఈ జ్ఞానం ప్రాథమిక టీచర్లను తయారుచేసే డీఈడీ కాలేజీల్లో ఎంతవరకు పాఠమైంది?

ఏం చేస్తే పనిచేస్తుందో కూడా కొంతవరకు తేలింది. హర్యానాలో 2012-13లో ప్రభుత్వ టీచర్లే రోజులో ఒక గంట పుస్తకం పక్కనపెట్టారు. తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి పిల్లల్ని జట్లు చేసి చెప్పారు. పిల్లల చదవడం మెరుగుపడింది. ఉత్తరప్రదేశ్‌లో ఇదే పద్ధతిలో విడతలవారీగా శిబిరాలు పెడితే, పేరా లేదా కథ చదవగలిగినవారు శిబిరాలు లేని బడులతో పోలిస్తే దాదాపు రెట్టింపయ్యారు. అంతకుముందు బిహార్‌లో టీచర్లకు శిక్షణ, పుస్తకాలు ఇచ్చి ఊరుకుంటే ఏడాది పొడవునా ఏమీ కదల్లేదు. శిక్షణ ఉంది, కిట్లు ఉన్నాయి. సిలబస్ నుంచి విడదీసిన సమయం లేదు. ఈ పద్ధతి కీలకం అక్కడే ఉంది.

జట్లు అనగానే తెలుగు తల్లిదండ్రులకు గుర్తొచ్చేది వేరే. ఐఐటీ బ్యాచ్, తర్వాతి బ్యాచ్, ఆఖరి సెక్షన్. ఒకసారి ఆఖరి సెక్షన్‌లో పడ్డ పిల్లవాడు పదో తరగతి దాకా అక్కడే ఉంటాడు, వాడికి మంచి లెక్చరర్ కూడా రాడు. పైన చెప్పిన పద్ధతికీ దీనికీ పోలిక లేదు. అక్కడ జట్టు ఒక గంటకే. చదవడంలో పై జట్టులో ఉన్న అమ్మాయి లెక్కల్లో కింది జట్టులో ఉండవచ్చు, కొన్ని వారాలకు మళ్లీ చూసి మార్చేస్తారు. ఏ ప్రభుత్వమైనా ఈ పేరుతో శాశ్వత సెక్షన్లు మొదలుపెడితే మేం వ్యతిరేకిస్తాం.

తెలంగాణ 2022 ఆగస్టులో పిల్లల చదవడం, లెక్కల పునాది కోసం ‘తొలిమెట్టు’ ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ కూడా ప్రాథమిక స్థాయిలో పునాది నైపుణ్యాల మీద కార్యక్రమాలు నడుపుతోంది. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిపుణ్ భారత్ అయితే 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు రావాలని గడువే పెట్టింది. ఉద్దేశాలను శంకించడం లేదు. అయితే పిల్లల ఆరంభ స్థాయిని చూసే బేస్‌లైన్ పరీక్ష ఫలితం టీచర్ చేతుల్లోంచి యాప్‌లోకి, యాప్ నుంచి రాజధానికి వెళ్తోంది. అక్కడి నుంచి తిరిగొచ్చేది తక్కువ మార్కులొచ్చిన బడికి సంజాయిషీ నోటీసు అయితే, వచ్చే పరీక్షలో అందరికీ మంచి మార్కులే పడతాయి. ఎవరికీ ఆశ్చర్యం అక్కర్లేదు.

కొందరు పిల్లల విషయం జట్లతో తీరేది కాదు. అక్షరాన్నీ దాని ధ్వనినీ కలపలేక అవస్థపడేవారు, అంకె విలువ ఎంత చెప్పినా అందనివారు ప్రతి బడిలో ఉంటారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి నేర్చుకునే వైకల్యాలను గుర్తించింది. 1995 నాటి చట్టంలో వీటి ఊసే లేదు. అయితే గుర్తించడానికి పరికరం పిల్లల భాషలో ఉండాలి. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో తెచ్చిన ‘డాలీ’ పరీక్షలు మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్‌లలో వచ్చాయి. ఆ మొదటి జాబితాలో తెలుగు లేదు. ఏజెన్సీ ప్రాంతాల్లో గోండి, కోయ, సవర, కువి మాట్లాడే పిల్లల కష్టం మరో రకం. ఇంట్లో వినని భాషలో అక్షరం దిద్దాల్సి రావడం వైకల్యం కాదు, కానీ మార్కుల జాబితాలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. 2004లో ఉమ్మడి రాష్ట్రం 8 గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. దాన్ని బలపరచడానికి ఇప్పుడు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

మేం రెండు ప్రభుత్వాలనూ అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఒకటి నుంచి ఐదు తరగతుల్లో రోజుకు ఒక గంటను సిలబస్ నుంచి ఉత్తర్వు ద్వారా విడదీయండి. ఆ గంటలో ఏ యూనిట్ అయిందని అడగకండి. బేస్‌లైన్ ఫలితాలను బడి పేరుతో ర్యాంకులు కట్టకుండా, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో టీచర్‌కు వారంలోగా తిరిగివ్వండి. ఒకే బృందం పిల్లల్ని ఒకటో తరగతి నుంచి ఐదు దాకా వెంబడించే అధ్యయనాన్ని తెలుగు లిపి మీద, తెలుగు బడుల్లో మొదలుపెట్టి, పేర్లు తీసేసిన వివరాలను పరిశోధకులకు తెరిచి ఉంచండి. చుట్టుపక్కల బడులవాళ్లు కలిసే వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌లో ప్రతి హెచ్‌ఎం మూడో తరగతి రిజిస్టర్ తెచ్చి, ఒక్కో బిడ్డ పేరు ఎదుట చదవడంలో ఏ మెట్టు, లెక్కల్లో ఏ మెట్టు అని రాసి చూపాలని ఆదేశం ఇవ్వడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.