వాట్సాప్ ఫార్వర్డ్ బాణమా, నీకో దండం

గద్వాల నుంచి దండం పెట్టి రాస్తున్న. నువ్వు క్షేమమే అని ఎరుకే. మా బొటనవేళ్లు ఆడినంత కాలం నీకేం రోగమొస్తది!

ఒకప్పుడు మా ఊర్ల సాటింపు తప్పైతే, డప్పు కొట్టినాయన్నే తెల్లారి రచ్చకట్ట కాడ నిలబెట్టి అడిగేటోళ్లు. నీతోని ఆ తిప్పల్లేదు. ఎవరు చెప్పిండ్రంటే "గ్రూపుల వచ్చింది" అంటే అయిపాయె. గ్రూపంటే మనిషా, దయ్యమా?

2018 ఎండకాలం యాదికుందా? పిల్లలను ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని ఓ వీడియో మోసినవ్. మోటర్‌ సైకిల్ మీదొచ్చిన ఇద్దరు గల్లీల ఆడుకునే పోరన్ని ఎత్తుకపోతరు. నిజానికది కరాచీల పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. చివర్ల పోరన్ని వెనక్కి తెచ్చి దింపి, జాగ్రత్తని రాసిన అట్ట చూపిస్తరు. ఆ చివరి ముక్కనే ఎవడో కోసిండు. తీసినోడిది మంచితనం, కోసినోడిది దొంగబుద్ధి, మోసిన మా పెద్దమ్మది మనుమల మీద పాయిరం. ముగ్గురినీ ఒక్క గాటన కట్టి "ఫేక్ న్యూస్" అనుడు నాకైతే నచ్చదు.

ఆ ఎండకాలం ఆకిట్ల మంచాలేసుకునే జనం ఉక్కపోతల తలుపులేసుకొని పన్నరు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికి పోలీసులను, జానపద పాటగాళ్లను పంపింది. నీ బొంకు గాలి మీదొచ్చె, నిజం డప్పు సంకకేసుకొని నడిచొచ్చె. అమెరికాల ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు అదే ఏడు ట్విట్టర్ల లెక్క తీసిండ్రు: 1,500 మందిని చేరనీకి అబద్ధం కంటె నిజానికి ఆరింతల టైము పట్టిందట. తప్పు తమంతట తామే పోస్టులు పెట్టే మరయంత్రాలది (బాట్‌లది) కాదట, ఎవరికీ తెల్వని ముచ్చట ముందుగాల నేనే చెప్పాలనే మనుషులదేనట.

నేనేం తక్కువోన్ని కాదు. 2020ల కోడికూర తింటే కరోనా వస్తదని నీతోనే పంపిన. మా మేనమామది కోళ్ల ఫారం. హైదరాబాదుల మంత్రులు స్టేజెక్కి చికెన్ తిని చూపియ్యాల్సొచ్చె. మామ మాత్రం నెల దాకా నా ఫోన్ ఎత్తలే.

ఆ ఏప్రిల్‌లనే నీకు పగ్గమేసిండ్రు. చేతులు శానా మారిన మెసేజ్ ఒక్కసారికి ఒక్క మనిషికో, ఒక్క గ్రూపుకో మాత్రమే పోవాలన్నరు. మా పెద్దమ్మ ఓపికకు అదెంత? తులసికోట చుట్టూ తిరిగినట్టు ఒక్కో గ్రూపుకు ఒక్కోసారి పంపుతది.

మొన్న ఆ పాత వీడియోనే మళ్ల పెట్టింది. ఓపికగ రాసిన: "పెద్దమ్మా, ఇది మన కాడిది కాదు, కరాచీల తీసింది."

రెండు నిమిషాలకు అదే వీడియో నాలుగు గ్రూపులల్ల కనవడ్డది. పైన పెద్దమ్మ రాత: "అయ్యో, కరాచీల కూడ ఎత్తుకపోతున్నరంట. పైలం."