కుర్చీకి ఒక తేదీ, జీతానికి ఇంకో తేదీ

మండల పరిషత్తుల్లో ఎవరిని కదిపినా ఇన్‌ఛార్జే. ఎంపీడీవో, అంటే మండల పరిషత్తు అభివృద్ధి అధికారి, రిటైరవుతారు, కొత్తవారు రారు. మండల పంచాయతీ అధికారి చేతిలో ఓ కాగితం పెడతారు: ‘ఎంపీడీవోగా పూర్తి అదనపు బాధ్యతలు, తక్షణం.’ తక్షణమన్నది బాధ్యతకే. డబ్బు ఊసెత్తితే మాత్రం సర్కారువారు ఉన్నట్టుండి నిదానస్తులైపోతారు.

నిబంధనల్లో న్యాయం లేదనకండి. ఉంది. ఫండమెంటల్ రూల్ 49 అని ఒకటుంది. రెండో కుర్చీ మోసినందుకు మొదటి మూడు నెలలు జీతంలో ఐదో వంతు దాకా, తర్వాతి మూడు నెలలు పదో వంతు దాకా. ఆపైన సున్నా. ఎంత శాస్త్రీయం! మోయగా మోయగా బరువు అలవాటైపోతుంది, అలవాటైన బరువుకి కూలేమిటి? ఏడో నెల నుంచి ఆయన రెండు ఉద్యోగాలు చేస్తున్నది సరదా కొద్దీ అన్నమాట.

ఆ ఐదో వంతు కోసం అర్జీ పెట్టుకునే ఘట్టం చూసి తీరాలి. మండల పంచాయతీ అధికారి తెల్లకాగితం తీసి ‘గౌరవనీయులైన ఎంపీడీవో గారికి నమస్కరించి వ్రాయునది’ అని మొదలుపెడతాడు. సంతకం చేసి, బల్ల చుట్టూ తిరిగొచ్చి పెద్ద కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుని ఆ అర్జీని తనే చదువుతాడు. ‘పరిశీలించి నివేదిక సమర్పించవలెను’ అని రాసి మండల పంచాయతీ అధికారికి, అంటే తనకే, పంపుకుంటాడు. నివేదిక వారమైనా రాకపోయేసరికి తనకే మెమో. ‘రెండు సీట్ల పని వల్ల ఆలస్యమైంది’ అని సంజాయిషీ. సంజాయిషీ సంతృప్తికరంగా లేదు! అయినా మొదటి తప్పని క్షమించి, ‘ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను’ అని తనను తానే మందలించుకుని ఫైలు జిల్లాకు పంపుతాడు. జిల్లావారు తిప్పి కొడతారు: ‘దరఖాస్తుదారు పనితీరుపై పైఅధికారి అభిప్రాయం జతపరచలేదు.’ పైఅధికారి మళ్లీ కళ్లజోడు పెట్టుకుంటాడు. నిజాయితీపరుడు కదా, ‘ఇటీవల మెమో అందుకున్న ఉద్యోగి’ అని రాస్తాడు. ఇక ఆ బిల్లు పాసవుతుందని ఎవరైనా అనుకుంటే అది వారి అమాయకత్వం.

ఇదంతా ఇన్‌ఛార్జి గోల, అసలు ప్రమోషన్ వస్తే లెక్క తేలిపోతుంది అంటారా? మామూలుగా అయితే తేలుతుంది. ఫండమెంటల్ రూల్ 22-బి ప్రకారం కింది పోస్టులో ఒక ఇంక్రిమెంటు కలిపి, పై పోస్టు స్కేలులో దాని పైమెట్టు దగ్గర ఖరారు చేస్తారు. ఈ ప్రయోజనం ప్రమోషన్ తేదీ నుంచి కావాలా, తర్వాతి ఇంక్రిమెంటు తేదీ నుంచి కావాలా అని నెలలోగా ఆప్షన్ ఇచ్చుకోవాలి. కానీ మనవాడు ఒకే పోస్టులో పాతుకుపోయి ప్రమోషన్ లేకుండానే ఇచ్చే పన్నెండేళ్ల స్కేలు తీసుకున్న బాపతు అయితే ఆ 22-బి అప్పుడే ఖర్చయిపోయింది. ఇప్పుడు నిజంగా పైకి వెళితే వర్తించేవి వేరే రూళ్లు: 22(ఎ)(i), 31(2). అంటే నిన్న ఎంతో ఇవాళా అంతే. పన్నెండేళ్లు ప్రమోషన్ ఇవ్వలేకపోయినందుకు చేసిన ఓదార్పు అది. ఇప్పుడు ప్రమోషన్ ఇస్తూ ఆ ఓదార్పును జమకట్టుకుంటున్నారు. కడుపు నిండని వాడికి ‘పొద్దున వాసన చూశావుగా’ అని విస్తరి తీసేసినట్టు. పని పెరిగింది, మండలమంతా తిట్టే హక్కు సంపాదించుకుంది, జీతం స్లిప్పు మాత్రం చెక్కుచెదరలేదు.

2018 నాటి పీఆర్సీ, అంటే జీతాల సవరణ, కూడా అంతే. 2018 జూలై 1 నుంచి కాగితం మీద, 2020 ఏప్రిల్ 1 నుంచి డబ్బు లెక్కలో. మధ్యలో 21 నెలలు. ఆ రోజుల్లో పైకి వెళ్లినవాళ్లు కొత్త స్కేలు జీతాన్ని మనసులోనే అనుభవించారు. పని మాత్రం కాగితం మీద చేస్తామంటే ఒప్పుకున్నారా?

ఇంతవరకూ నవ్వుకున్నాం, బాగుంది. స్కేలున్న వాళ్ల కష్టం కనుక నవ్వొచ్చింది.

పంచాయతీలో అందరికన్నా కింద ఉన్న మనిషికి కూడా తెలంగాణలో 2019లో కొత్త హోదా వచ్చింది. జీవో 51. పేరు మల్టీపర్పస్ వర్కర్, అంటే అన్ని పనులకూ ఒకే మనిషి. పొద్దున మోరీ తీయాలి, చెత్త ఎత్తాలి, పంపు ఆన్ చేయాలి, ట్రాక్టరు తోలాలి, చీకటి పడకముందే వీధిలైటు కోసం స్తంభమెక్కాలి. కరెంటు పని నేర్పారా, నేర్పకుండానే ఎక్కించారా అని అడిగే నాథుడు లేడు. జీతం 8,500. 2023 మే డే నాడు ఎంతో ఉదారంగా ఇంకో వెయ్యి. ఆ 9,500 కూడా నెలనెలా రాక మండలాఫీసుల ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. ఆఫీసరుకైతే ఐదో వంతు అని రాసిపెట్టిన రూలైనా ఒకటుంది. నాలుగు ఉద్యోగాలు ఒక్క ఒంటి మీద రుద్దిన వీళ్లకు ఏ ఫండమెంటల్ రూలూ లేదు. సిగ్గుండాలి. ఇన్ని స్కేళ్లు, స్టేజీలు, సబ్‌రూళ్లు తయారుచేసిన బుర్రలకు ఈ మనిషి దగ్గరికొచ్చేసరికి లెక్కలు రాలేదా?

ఆర్థికశాఖవారికి ఒక్కటే విన్నపం. ఆ 9,500లో మోరీకి ఎంత, పంపుకి ఎంత, ట్రాక్టరుకి ఎంత, స్తంభానికి ఎంత అన్నది విడివిడిగా పట్టిక వేసి, కింద సంతకం పెట్టి, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి.